పూల వలయము - పన్నెండు రంగు పెన్సిళ్ళు

పరీక్షల నెలలు దగ్గరపడే కొద్దీ మన ఇండ్లలో పిల్లల ముఖములు చిన్నబోతాయి. పెద్దలకు పంట దిగులు, బాకీల దిగులు సరేసరి. చీకటి పడితే తలా ఒక మూల చేరి సెల్‌ఫోను చూడడముతోనే పొద్దు గడిచిపోతుంది. అటువంటి ఇంటికి ఒక తెల్ల కాగితము, ఒక రంగు పెన్సిళ్ళ పెట్టె ఏమి మేలు చేయగలవో ఈ నెల ముచ్చటించుకుందాము.

గుండ్రని గీత లోపల పూరేకులను వరుసలు వరుసలుగా గీసి, మధ్య నుండి అంచు వరకు రంగులు నింపే బొమ్మలను ఇప్పుడు పుస్తకాల అంగళ్ళలో ‘మండల’ బొమ్మలు అంటున్నారు. మండలమంటే వలయము. 1985లో తాలూకాలు పోయి వచ్చిన మన మండలములకు పెట్టినదీ ఈ మాటే. అయితే హిందువులు, బౌద్ధులు తమ ఆరాధనలో, ధ్యానములో ఇటువంటి వలయములను వాడుతారు గనుక, మన పిల్లలు వీటికి రంగులు వేయవచ్చునా అని కొన్ని కుటుంబములు సందేహిస్తాయి. అది కొట్టివేయదగిన సందేహము కాదు.

మేము చెప్పేదేమిటంటే, పువ్వు గుండ్రముగా ఉండడము ఏ ఒక్కరి సొత్తూ కాదు. నిర్గమకాండము 25వ అధ్యాయములోని దీపవృక్షమునకు బాదము పూల రూపమున్నది. సొలొమోను కట్టించిన మందిరపు గోడల మీద వికసించిన పువ్వులు చెక్కబడినవి. పారిస్ నగరములోని నోట్రడామ్ దేవాలయములో ఉత్తరపు గోడకు సుమారు 1250లో అమర్చిన రంగుటద్దాల కిటికీ కూడా గొప్ప పూల వలయమే. దానిని ‘గులాబీ కిటికీ’ అంటారు. 2019లో ఆ దేవాలయము కాలినప్పుడు కూడా ఆ కిటికీ నిలిచింది. మనము పువ్వును పువ్వుగానే గీసి, పువ్వుగానే రంగు వేస్తే మనస్సాక్షికి అభ్యంతరముండదు.

ఇక మేలు సంగతి. 2005లో అమెరికాలో కర్రీ, క్యాసర్ అనే ఇద్దరు 84 మంది కాలేజీ విద్యార్థులతో ఒక పరీక్ష చేశారు. ముందుగా తమను భయపెట్టిన సంగతి ఒకటి వ్రాయమన్నారు. తరువాత 20 నిమిషములు కొందరికి గుండ్రని బొమ్మ, కొందరికి గళ్ళ బొమ్మ, కొందరికి వట్టి కాగితము ఇచ్చి రంగులు వేయమన్నారు. గుండ్రని బొమ్మ వారికి, గళ్ళ బొమ్మ వారికి ఆందోళన తగ్గింది. వట్టి కాగితము వారికి అలా తగ్గలేదు. 2012లో మరికొందరు ఈ పరీక్షను తిరిగి చేసినప్పుడు గుండ్రని బొమ్మదే పైచేయి అయింది. ఇందులో మంత్రమేమీ లేదు. మరీ సులువూ కాని, మరీ చిక్కూ కాని పని చేతిలో ఉంటే మనస్సు దాని వెంట నడుస్తుంది. అయితే ఇది మందు కాదు. పిల్లవాడు నిద్ర, తిండి మానేంతగా దిగులు పడుతుంటే వైద్యునికి చూపించవలసిందే.

ఓపికగా రంగు వేయడము ఎలాగో నేర్చుకోవడానికి మనము దూరము పోనక్కరలేదు. చిత్తూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలో చేరిన శ్రీకాళహస్తి, కలంకారీకి పేరు పడ్డ ఊరు. ఆ ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి ఈ కళలోనే 2008లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి పనివారు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డను నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు వలన రంగు పక్కకు పాకదు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టిన కలముతో నల్లని గీతలు గీస్తారు. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తారు. పసుపు మీద నీలి పూసి ఆకుపచ్చ తెస్తారు. నడుమ నడుమ పారే నీటిలో ఉతుకుతారు. ఒక రంగు కుదిరిన తరువాతనే మరొకటి. తొందరపడితే గుడ్డ పాడవుతుంది.

పెన్సిలు పని కూడా ఇంతే. బొమ్మల పుస్తకము కొనకపోయినా ఫరవాలేదు. బడిపిల్లల కంపాసుతో ఒక వలయము గీయండి. కంపాసు వెడల్పు మార్చకుండా, ముల్లును వలయపు గీత మీద ఒకచోట గుచ్చి, లోపల ఈ అంచు నుండి ఆ అంచుకు వంపు గీత గీయండి. ఆ గీత అంచును తాకిన చోట మళ్ళీ ముల్లు గుచ్చండి. ఇలా ఆరుసార్లు చేస్తే ఆరు రేకుల పువ్వు దానంతటదే వస్తుంది.

రంగు పెన్సిలులో ఉండేది రంగు పొడి, మైనము, జిగురు వంటివి. అందుకే అది మామూలు పెన్సిలులా రబ్బరుకు చెరగదు. మొదటే గట్టిగా నొక్కితే కాగితము మైనముతో నున్నబడి, పైన మరొక రంగు పట్టదు. కనుక మొదటి పూత లేతగా వేయాలి. రెండు మూడు పూతలు వేసిన తరువాతనే రేకు మొదలును ముదురు చేయాలి. పసుపు మీద నీలము తేలికగా వేస్తే ఆకుపచ్చ వస్తుంది. పెన్సిలును తరచుగా చెక్కుకోవాలి. చెయ్యి తిప్పలేని చోట కాగితమునే తిప్పుకోవాలి. అరచేతి కింద మరొక కాగితము పెట్టుకుంటే రంగు అలుక్కుపోదు. ఒక రేకులో తప్పు రంగు పడిందా? చింపివేయనివ్వకండి. ఎదుటి రేకులోనూ అదే రంగు వేయమనండి. తప్పు కాస్తా డిజైనులో కలిసిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఒకే కాగితము చుట్టూ ఇల్లంతా కూర్చోవడము. ముగ్గులు వేసిన చెయ్యి గల అవ్వకు రేకుల కొలత తెలుసు. మనవరాలికి రంగుల పేర్లు తెలుసు. నాయన ఒక రేకు నింపితే, అమ్మ ఒక రేకు నింపవచ్చు. ఎవరిది బాగుందని పోల్చవద్దు, మార్కులు వేయవద్దు. చేతులు పనిలో ఉన్నప్పుడు, ముఖాముఖి అడిగితే చెప్పని సంగతులు పిల్లలు మెల్లగా చెబుతారు. లెక్కల పరీక్ష భయము, బడిలో ఎవరో అన్న మాట అప్పుడే బయటికి వస్తాయి. అవి వినడానికి ఈ వారము ఒక సాయంత్రము 20 నిమిషములు కేటాయించుదాము.