తొలి వానకు తొందరపడకండి



జూన్ నెల వచ్చిందంటే మన అనంతపురం సీమలో ఆదివారం ఆరాధన ముగిసినా ఎవరూ వెంటనే ఇంటికి కదలరు. మందిరం ముందు వేపచెట్టు కింద నిలబడి పడమటి దిక్కు చూస్తారు. "అయ్యగారూ, ఈ ఏడు వానలు ఎట్లుంటాయంటారు?" అని మమ్ములను అడుగుతారు. మేము వాతావరణ శాస్త్రవేత్తలము కాము. అయితే సేద్యగాని ఇంట పుట్టి, ఈ పల్లెల మధ్యనే పరిచర్య చేస్తున్నవారముగా కొన్ని సంగతులు చూచి, విని నేర్చుకొన్నాము. వాటిని మీ ముందు ఉంచుతున్నాము.

మా చిన్నతనంలో ఒక సంవత్సరం మృగశిర కార్తె మొదట్లోనే ఉరుములతో వాన పడింది. మట్టి వాసన రాగానే మా నాయన ఆగలేకపోయారు. పక్క చేను వారు ఇంకా ఆలోచిస్తుండగానే గొర్రు కట్టి, ఇంట్లో ఉన్న శెనగవిత్తనమంతా విత్తేశారు. మొలక చక్కగా వచ్చింది. ఆ తరువాత మూడు వారాలకు పైగా చినుకు లేదు. మొలక మా కళ్ళ ఎదుటనే వాడి ఎండిపోయింది. జూలై ఆఖరున మంచి పదును వాన పడిన రోజున మా ఇంట గింజ లేదు. అమ్మ చెవి కమ్మలు కుదువపెట్టి మరల విత్తనం కొన్నారు. ఆ కమ్మలు తిరిగి ఇంటికి రాలేదు. ఈ వ్యాసం వ్రాయుటకు కారణం ఆ కమ్మలే.

వాన మనకెందుకు తక్కువ?

నైరుతి ఋతుపవనాలు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతాయి. అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చే ఆ గాలులకు పడమటి కనుమలు అడ్డు నిలుస్తాయి. కొండ ఎక్కే గాలి చల్లబడి తన తేమను అటువైపే కుమ్మరిస్తుంది. మంగళూరులో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కొండ దిగి మనవైపు వచ్చేసరికి అది పొడిగాలి. అందుకే జూన్, జూలైలలో మబ్బులు పరుగెత్తుతాయి, గాలి హోరుమంటుంది, చినుకు మాత్రం రాలదు. ఇక బంగాళాఖాతం మనకు దూరం. ఈశాన్య ఋతుపవనాలు నెల్లూరుకు ఇచ్చినంత వాన మనదాకా తేవు.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మి.మీ. ఇందులో జూన్‌లో 64, జూలైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118, అక్టోబరులో 110 మి.మీ. వరకు పడుతుంది. ఈ లెక్కను శ్రద్ధగా చూడండి. జూన్, జూలై రెండూ కలిసి సెప్టెంబరు ఒక్కదానికంటే కొంచెమే ఎక్కువ. అంటే మన సీమలో అసలైన వానాకాలం ఉత్తర, హస్త కార్తెలలోనే. తొలకరి దాని కబురు మాత్రమే. సగటు కూడా ఏ ఒక్క సంవత్సరానికీ మాట ఇవ్వదు. ఊరికి ఈ పక్క తడిసి ఆ పక్క పొడిగా ఉండడం మనమందరము చూచినదే.

ఎదురుచూడవలసిన నాలుగు సంగతులు

మొదటిది, వానకు వానకు మధ్య ఎడం. జూలై, ఆగస్టులలో రెండు మూడు వారాలు చినుకు లేకుండా పోవడం మనకు వింత కాదు. ఎర్రనేల త్వరగా తడుస్తుంది, అంత త్వరగా ఆరిపోతుంది. కాబట్టి తేదీని చూచి కాక పదునును చూచి విత్తండి. నేలను తవ్వి చూస్తే తడి జానెడు లోతు దిగి ఉండాలి. పిడికిట పట్టిన మట్టి ముద్ద కట్టాలి. వేరుశనగకు జూలై నెలాఖరు వరకు అదను ఉన్నది గనుక జూన్ వానకు దుక్కి చేసుకొని వేచి ఉంటే పోయేదేమీ లేదు. వేరుశనగ ఒక్కటే నమ్ముకోక మధ్యలో కంది సాళ్ళు వేయండి. కంది వేరు లోతుకు పోతుంది, వెనుక వచ్చే వానను అందుకొంటుంది. అదను పూర్తిగా తప్పితే ఉలవ ఉన్నది. నల్లరేగడి గలవారు అక్టోబరు తేమను పట్టి పప్పుశనగ వేసుకోవచ్చు.

రెండవది, పురుగు, జబ్బు. తొలి పెద్దవాన పడగానే నేలలోని ఎర్రగొంగళి పురుగు కోశాలనుండి రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ఆ రాత్రులలో చేల గట్ల మీద మంటలు వేస్తే అవి వచ్చి పడి చస్తాయి. అయితే ఒక్కరు వేస్తే చాలదు, ఊరంతా కలిసి వేయాలి. అట్లే కొత్త పచ్చిక మేసిన గొర్రెలకు చిటుక రోగం వస్తుంది. సాయంత్రం బాగున్న గొర్రె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. వానలకు ముందే టీకా వేయించడం మరువకండి.

మూడవది, కొద్ది గంటలలో కుండపోత. నెలంతా రావలసిన వానలో సగం ఒక్క సాయంత్రమే రావచ్చు. ఒక ఎకరం మీద 40 మి.మీ. వాన పడితే అది సుమారు 1,60,000 లీటర్ల నీరు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 32! వేసవిలో ఒక్క ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే మనము దీనిని వంకల పాలు చేస్తున్నాము. వాలుకు అడ్డంగా దున్నండి. గట్లు సరిచేయండి. చేనికి పల్లపు మూలన నీటికుంట తవ్వుకోండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అదే వానకు సుమారు 3,700 లీటర్లు పడుతుంది. మొదటి వాన నీటిని కప్పు కడగనిచ్చి వదిలి, తరువాతి నీటిని తొట్టికి మళ్ళించవచ్చు.

మన పెద్దలు ఈ సంగతి ఎరిగినవారు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనం ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వివరిస్తుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేండ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందట. వారికి కూడా వాన తక్కువే, అయినను పడినదానిని నిలుపుకొన్నారు.

నాలుగవది, వరద. కరువు సీమకు వరద రాదనుకోవద్దు. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పల్లెలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలోనే కాలనీలు నీట మునిగాయి. ఏడాదంతా ఎండిన వంక పైన ఎక్కడో పడిన వానకు నిమిషాలలో పొంగుతుంది. పారుతున్న వంకను బండితో గాని నడిచి గాని దాటే సాహసం చేయకండి. ఉరుములు వినబడితే చెట్టు కిందికి పోక, పని వదిలి ఇల్లు చేరండి.

ఆ సంవత్సరం తరువాత మా నాయన తొలి వానకు దున్నేవారే గాని విత్తేవారు కారు. ఎంత మంచి పదును వచ్చినా ఒక మూట విత్తనం అటక మీదనే ఉంచేవారు. అమ్మ దానిని రెండో వాన మూట అనేది. ఇంట ఎంత ఇబ్బంది వచ్చినా పంట చేతికి వచ్చేవరకు దానిని ముట్టనిచ్చేది కాదు.

ఈ జూన్‌లో వేపచెట్టు కింద మీరు మమ్ములను వానల సంగతి అడుగుతారు. మేము కూడా మిమ్ములను ఒక మాట అడుగుతాము: రెండో వానకు ఎంత విత్తనం దాచారు?