కిట్జ్‌మిల్లర్ - డోవర్ వ్యాజ్యం

కిట్జ్‌మిల్లర్ వర్సెస్ డోవర్ ఏరియా స్కూల్ డిస్ట్రిక్ట్ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2005లో విచారణ జరిగిన వ్యాజ్యం. ప్రభుత్వ పాఠశాలలో జీవపరిణామ సిద్ధాంతానికి ప్రత్యామ్నాయంగా "ఇంటెలిజెంట్ డిజైన్" అనే వాదాన్ని విద్యార్థుల ముందుంచడం రాజ్యాంగ సమ్మతమేనా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. ఈ వాదం విజ్ఞానశాస్త్రం కాదనీ, పేరు మార్చుకున్న సృష్టివాదమేననీ 2005 డిసెంబరు 20న న్యాయస్థానం తీర్పు చెప్పింది.

నేపథ్యం

పరిణామ సిద్ధాంత బోధనపై అమెరికాలో న్యాయపోరాటాలు కొత్త కాదు. 1925లో టెనెసీ రాష్ట్రంలోని డేటన్‌లో, ఈ సిద్ధాంతాన్ని బోధించాడన్న అభియోగంపై జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయునికి 100 డాలర్ల జరిమానా విధించారు. సాంకేతిక కారణంతో 1927లో ఆ శిక్ష రద్దయింది గాని, నిషేధ చట్టం 1967 వరకు కొనసాగింది. ఇటువంటి నిషేధాలు చెల్లవని 1968లో ఎపర్సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రకటించింది. పరిణామ సిద్ధాంతం బోధిస్తే దానితో పాటు సృష్టివాదాన్నీ బోధించాలన్న లూసియానా చట్టాన్ని 1987లో ఎడ్వర్డ్స్ కేసులో కొట్టివేసింది. ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పరాదన్న రాజ్యాంగపు మొదటి సవరణ ఈ తీర్పులకు ఆధారం.

ఆ తరువాత ప్రచారంలోకి వచ్చినదే ఇంటెలిజెంట్ డిజైన్ వాదం. జీవులలోని కొన్ని నిర్మాణాలు ప్రకృతి వరణం వలన ఏర్పడలేనంత సంక్లిష్టమైనవనీ, వాటి వెనుక ఒక మేధావి అయిన రూపకర్త ఉండాలనీ దీని సారాంశం. ఆ రూపకర్త ఎవరో ఈ వాదం పేర్కొనదు.

డోవర్ పాఠశాల బోర్డు నిర్ణయం

2004 అక్టోబరు 18న డోవర్ పాఠశాల బోర్డు 6-3 ఓట్ల తేడాతో ఒక తీర్మానం ఆమోదించింది. దీని ప్రకారం 9వ తరగతి జీవశాస్త్ర విద్యార్థులకు ఒక ప్రకటన చదివి వినిపించాలి. డార్విన్ సిద్ధాంతం యథార్థం కాదనీ, అందులో లోపాలున్నాయనీ, ఇంటెలిజెంట్ డిజైన్ గురించి తెలుసుకోగోరేవారికి "ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్" అనే పుస్తకం అందుబాటులో ఉందనీ అందులో ఉంది.

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ఈ ప్రకటన చదవడానికి నిరాకరించారు. దానితో 2005 జనవరిలో పాఠశాల అధికారులే తరగతులకు వెళ్ళి చదివారు. అప్పటికే, 2004 డిసెంబరు 14న, 11 మంది తల్లిదండ్రులు ఫెడరల్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వారిలో మొదటి వాది టామీ కిట్జ్‌మిల్లర్ పేరే వ్యాజ్యానికి వచ్చింది.

విచారణ

విచారణ 2005 సెప్టెంబరు 26 నుండి నవంబరు 4 వరకు హారిస్‌బర్గ్ నగరంలో, జ్యూరీ లేకుండా, న్యాయమూర్తి మూడవ జాన్ ఇ. జోన్స్ ముందు జరిగింది. ఆయనను 2002లో అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ నియమించారు.

మొదటి వివాదం "సిద్ధాంతం" అన్న మాట మీదనే నడిచింది. తెలుగులో ఈ మాట నిర్ధారణ అయిన విషయాన్ని సూచిస్తుంది. ఇంగ్లీషులోని "థియరీ" అన్న మాటకు మాత్రం వాడుకలో ఊహ అనే అర్థం కూడా ఉంది. బోర్డు ప్రకటన ఈ రెండు అర్థాలను కలిపివేసిందని వాదుల సాక్షులు వివరించారు. పరిణామ సిద్ధాంతాన్ని పరీక్షించవచ్చుననడానికి జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ క్రోమోజోములను ఉదాహరణగా చూపారు. గొరిల్లా, చింపాంజీ వంటి తోకలేని పెద్ద కోతులకు 24 జతల క్రోమోజోములుంటే మనిషికి 23 జతలే ఉన్నాయి. ఉమ్మడి పూర్వీకుడు ఉండడం నిజమైతే, రెండు క్రోమోజోములు అతుక్కున్న గుర్తు మానవులలో కనిపించాలి. ఆ గుర్తు మానవుని 2వ క్రోమోజోములో లభించింది.

ప్రతివాదుల ముఖ్య సాక్షి, జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బెహె. బాక్టీరియా కశాభంలో ఏ ఒక్క భాగం తీసివేసినా అది పనిచేయదు కనుక అది క్రమంగా ఏర్పడి ఉండదని ఆయన వాదన. అయితే కశాభంలోని కొన్ని ప్రొటీన్లను పోలినవే, ఇతర కణాలలోకి విషపదార్థాలను ఎక్కించే నిర్మాణంగా కొన్ని బాక్టీరియాలలో పనిచేస్తున్నాయని మిల్లర్ చూపారు. విజ్ఞానశాస్త్ర సిద్ధాంతానికి తాను ఇచ్చిన నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా అందులో చేరుతుందని బెహె క్రాస్ ఎగ్జామినేషన్‌లో అంగీకరించారు.

అన్నిటికంటె బలమైన సాక్ష్యం పాండాస్ పుస్తకపు చిత్తుప్రతుల నుండి లభించింది. 1987 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత, ఆ ప్రతులలో సుమారు 150 చోట్ల "సృష్టి"కి సంబంధించిన పదాలను తీసి ఇంటెలిజెంట్ డిజైన్ అని మార్చారని తత్వశాస్త్ర ఆచార్యురాలు బార్బరా ఫారెస్ట్ నిరూపించారు. నిర్వచనం మాత్రం దాదాపు అదే. పాఠశాలకు విరాళంగా అందిన 60 ప్రతులు, ఒక బోర్డు సభ్యుడు తన చర్చిలో సేకరించిన ధనంతో కొన్నవని కూడా విచారణలో బయటపడింది.

తీర్పు

139 పుటల తీర్పులో న్యాయమూర్తి బోర్డు విధానం మొదటి సవరణకు, పెన్సిల్వేనియా రాజ్యాంగానికి విరుద్ధమని ప్రకటించారు. పరిణామ సిద్ధాంతం అసంపూర్ణమే అయినా, ఆ కారణంగా పరీక్షకు నిలువని మతపరమైన వాదాన్ని విజ్ఞానశాస్త్ర తరగతిలోకి తేరాదని పేర్కొన్నారు. పరిణామ సిద్ధాంతం దైవవిశ్వాసానికి విరుద్ధమన్న భావనను కూడా ఆయన తోసిపుచ్చారు. వాదుల సాక్షులలో జాన్ హాట్ అనే కాథలిక్ వేదాంత పండితుడు ఉండడం ఇక్కడ గమనార్హం.

పరిణామాలు

విచారణ ముగిసిన నాలుగు రోజులకు, 2005 నవంబరు 8న జరిగిన బోర్డు ఎన్నికలలో ఈ విధానాన్ని వ్యతిరేకించినవారు 8 స్థానాలూ గెలుచుకున్నారు. కొత్త బోర్డు అప్పీలుకు వెళ్ళలేదు. అందువలన తీర్పు ఆ ఫెడరల్ జిల్లాకు వెలుపల న్యాయస్థానాలు తప్పక పాటించవలసినది కాలేదు. ఇతర పాఠశాల బోర్డులకు మాత్రం ఇది హెచ్చరికగా నిలిచింది. 2006లో కుదిరిన ఒప్పందం ప్రకారం డోవర్ బోర్డు 10,00,011 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అందులో 10 లక్షలు న్యాయ ఖర్చులు కాగా, మిగిలిన 11 డాలర్లు వాదులకు తలా ఒక డాలరు చొప్పున నామమాత్రపు నష్టపరిహారం.

ఈ తీర్పులో వాడిన "లెమన్ పరీక్ష" అనే న్యాయసూత్రాన్ని 2022లో అమెరికా సుప్రీంకోర్టు మరో కేసులో పక్కనపెట్టింది. అయితే ఎపర్సన్, ఎడ్వర్డ్స్ తీర్పులను ఆ సందర్భంలో రద్దు చేయలేదు.