వెబ్ పేజీకి జల్లెడ

ఉదయమున వార్తాపత్రికను విప్పగానే దాని మడతలలోనుండి రెండు మూడు రంగుల కరపత్రములు జారిపడుట మనకందరకు అనుభవమే. అవి పత్రికవారు అచ్చువేసినవి కావు. పత్రికతోపాటు మన వాకిటికి వచ్చినవి. అక్కరలేనివారు వానిని తీసి పక్కన పెట్టి పత్రిక చదువుకొందురు. కాని పత్రిక పుటలోనే అచ్చయిన ప్రకటనను అట్లు తీసివేయుటకు వీలులేదు. కంటికి కనబడకుండ దానిపై ఒక కాగితము కప్పవచ్చును, అంతే.

ఈ రెండు పనులను కంప్యూటరు తెరపై చేయు సాధనమొకటి కలదు. బ్రౌజరుకు అదనముగా తగిలించుకొనునది గనుక దీనిని ఎక్స్‌టెన్షను అందురు. తరగతిలో పాఠము చూపుచుండగా తెర పక్కన అసభ్యమైన బొమ్మ ప్రత్యక్షమైనపుడు ఉపాధ్యాయుడు పడు ఇబ్బంది చెప్పనక్కరలేదు. అంతకంటె పెద్ద ప్రమాదమును అమెరికా నేరపరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. 2022 డిసెంబరులో ప్రకటించినది. మోసగాండ్రు ప్రసిద్ధ సంస్థల పేర్లతో ప్రకటనలు కొని, నమ్మి నొక్కినవారిని నకిలీ పేజీలకు మళ్ళించుచున్నారని హెచ్చరించి, ప్రకటనలను అడ్డు ఎక్స్‌టెన్షను వాడుమని సలహా ఇచ్చినది. ఇట్టి సాధనము ఎట్లు పనిచేయును? దానిని ఎంతవరకు నమ్మవచ్చును?

పేజీ కూర్పు

మనమొక వెబ్ పేజీని తెరచినపుడు అది అంతయు ఒక్క ముక్కగా రాదు. మొదట ఒక పత్రము వచ్చును. దానిలో కొంత వ్రాతయు, “ఈ బొమ్మను ఫలానా చోటనుండి తెచ్చుకొనుము, ఈ ప్రోగ్రామును ఫలానా చోటనుండి తెచ్చి నడుపుము” అను సూచనలును ఉండును. ఆ సూచనల ప్రకారము బ్రౌజరు ఒక్కొక్క చిరునామాకు ఒక్కొక్క కోరిక పంపి, వచ్చిన ముక్కలను కూర్చి మనకు చూపును. ఒక వార్తల పేజీకి ఇట్టి కోరికలు నూటికి మించుట సామాన్యము. వానిలో కొన్ని వార్తాసంస్థకు గాక, ప్రకటనల సంస్థలకును, చదువరి జాడలు తీయు సంస్థలకును పోవును.

ఎక్స్‌టెన్షను పనికి ఆధారమిదియే. ప్రకటన వేరొక చోటునుండి రావలసియుండుటచేతనే దానిని దారిలో ఆపవచ్చును. 2002లో హెన్రిక్ ఓస్టెడ్ సోరెన్‌సెన్ అను డెన్మార్కు విద్యార్థి ‘ఆడ్‌బ్లాక్’ను వ్రాసెను. 2006లో వ్లాదిమిర్ పాలంట్ ‘ఆడ్‌బ్లాక్ ప్లస్’ను, 2014లో రేమండ్ హిల్ ‘యూబ్లాక్’ను వెలువరించిరి. పద్ధతులు మెరుగుపడినను మూలసూత్రము మారలేదు.

రెండు విధముల వడపోత

మొదటిది కోరికను ఆపుట. ఎక్స్‌టెన్షను వద్ద ఒక జాబితా యుండును. ప్రకటనశాల.కామ్ అను కల్పిత చిరునామాను ఆపవలెనన్న జాబితాలో ||ప్రకటనశాల.కామ్^ అని వ్రాయుదురు. ముందున్న రెండు నిలువు గీతలకు “పేరు ఇక్కడ మొదలు” అనియు, చివరి గుర్తుకు “పేరు ఇక్కడ సరి” అనియు అర్థము. బ్రౌజరు పంపబోవు కోరిక ఈ నియమమునకు సరిపోయినచో అది బయటికే పోదు. కరపత్రము ఇంటికి రాకముందే ఆగినట్లు! కావున డేటా ఖర్చు తగ్గును. పేజీ త్వరగా తెరచుకొనును. నియమము ముందు @@ అని యున్నచో, “దీనిని పోనిమ్ము” అను మినహాయింపు.

రెండవది కప్పివేయుట. ప్రకటన ఆ సంస్థ పేజీలోనే కలిసి వచ్చినపుడు దానిని ఆపలేము. అపుడు ## గుర్తుగల నియమము, పేజీలోని ఫలానా భాగమును తెరపై చూపవద్దని బ్రౌజరుకు చెప్పును. ముక్క వచ్చినది, డేటా ఖర్చయినది, కాని కంటికి కనబడదు.

ఇందులో ఒక లెక్క కలదు. 2005లో మొదలై నేటికిని వాడుకలోనున్న ‘ఈజీలిస్ట్’ అను జాబితాలో నియమములు పదుల వేలలో నున్నవి. 50,000 నియమములు, 100 కోరికలు అనుకొన్నచో, ఒక్క పేజీకే 50 లక్షల పోలికలు కావలెను. ఇది వృథాశ్రమ. మనము నిఘంటువులో ‘వంకాయ’ కొరకు ‘అ’కారము మొదలు వెదకము గదా! అట్లే యూబ్లాక్ వంటి సాధనములు నియమములను వానిలోని ఒక్కొక్క ముఖ్యమైన ముక్కనుబట్టి వేర్వేరు గూళ్ళలో పెట్టుకొనును. చిరునామాలో ఏ ముక్కలున్నవో ఆ గూళ్ళను మాత్రమే చూచును.

జల్లెడకు రుచి తెలియదు

జల్లెడ గింజ పరిమాణమును చూచునే గాని, అది బియ్యమో రాయో ఎరుగదు. ఎక్స్‌టెన్షను కూడ అక్షరములను పోల్చునే గాని, అర్థమును గ్రహింపదు. ఫలానా మాటయున్న వ్రాతలను దాచు సాధనములలో ఈ లోపము స్పష్టముగా కనబడును. ‘విష’ అను అక్షరములను అడ్డుమన్నచో, ‘విషయము’ అను మాటయున్న ప్రతి పాఠమును మాయమగును. ‘మద్యము’ను అడ్డుమన్నచో మద్యపాన నిషేధమునుగూర్చిన వ్యాసము కూడ పోవచ్చును. ఇది ఊహ మాత్రమే కాదు. 1996లో ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ పట్టణవాసులకు ఇట్టి చిక్కే కలిగినది. ఆ ఊరి పేరు నడుమ ఒక బూతుమాట అక్షరములు పడుటచే, ఏ.ఓ.ఎల్. సంస్థ కంప్యూటర్లు వారికి ఖాతాలు నిరాకరించినవి.

కావలివానికి కావలి

ప్రతి కోరికను పరీక్షింపవలెనన్న, మనము ఏ పేజీలు చూచుచున్నామో ఎక్స్‌టెన్షనుకు తెలియవలెను. అనగా ఇంటి తాళపుచెవిని కావలివాని చేతిలో పెట్టినట్లే. ‘నానో ఆడ్‌బ్లాకర్’ అను సాధనము 2020లో ఇతరుల చేతికి మారినది. కొత్త యజమానులు దానిలో చేర్చిన భాగము వాడుకదారుల సమాచారమును బయటికి పంపసాగినది. కొందరి ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలనుండి వారికి తెలియకయే ‘లైకులు’ పోయినవి. పేరు మారలేదు, గుర్తు మారలేదు. లోపలి మనిషి మారెను.

ఈ ప్రమాదమును తగ్గించుటకని గూగుల్ సంస్థ తన క్రోమ్ బ్రౌజరులో విధానమును మార్చినది. కొత్త పద్ధతిలో ఎక్స్‌టెన్షను తన జాబితాను బ్రౌజరుకు ముందే అప్పగించును. పోల్చి ఆపుట బ్రౌజరు పని. దీనివలన గోప్యతకు కొంత మేలు. కాని నియమముల సంఖ్యకు హద్దులేర్పడినవి. అప్పటికప్పుడు ఆలోచించి ఆపు నేర్పు తగ్గినది. 2025 నాటికి క్రోమ్‌లో పాత పద్ధతి పూర్తిగా తొలగినది. ఫైర్‌ఫాక్స్ దానిని నిలుపుకొన్నది.

వేరొక న్యాయమును కూడ తలపవలెను. ఉచితముగా చదువు పేజీలలో పెక్కింటికి ప్రకటనలే జీవనాధారము. మనకు ఉపకరించు పేజీ మర్యాదగల ప్రకటనలనే చూపుచున్నచో, దానికి మినహాయింపు ఇచ్చుట ఉచితము.

విద్యార్థులు ఒక ప్రయోగము చేసి చూడవచ్చును. కంప్యూటరు బ్రౌజరులో ఎఫ్ 12 మీట నొక్కి ‘నెట్‌వర్క్’ అను భాగమును తెరచి, ఒక వార్తల పేజీని రప్పింపుడు. కోరికల సంఖ్యను, ఎన్ని వేర్వేరు చిరునామాలకు అవి పోయినవో వ్రాసికొనుడు. తరువాత నమ్మకమైన ఎక్స్‌టెన్షనును ఉంచి అదే పేజీని మరల తెరువుడు. రెండు లెక్కలకు గల భేదమే జల్లెడలో మిగిలిన నూక. ఆ నూకలో మంచి గింజ ఏదైన పోయినదా అని చూచుట మాత్రము జల్లెడ పని కాదు. అది మన పని.