రందికి మందు నడక

కాసిపేట: ‘మనసు బాగా లేదు’ అంటూ డాక్టరు దగ్గరకు వెళ్లే బొగ్గుబాయి కార్మికులు అరుదు. నిద్ర పట్టడం లేదనో, ఒళ్లు నొప్పులనో చెబుతారు. నాగాలు పెరిగి, జీతం తగ్గి, సంసారం గుల్లయ్యాక గానీ రోగం బయటపడదు. ఊళ్లో దీన్ని రంది అంటారు, వైద్యులు కుంగుబాటు అంటారు.

దీనికి వ్యాయామం మేలు చేస్తుందని పరిశోధనలు తేల్చాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 156 మంది రోగులపై జరిపిన పరిశీలన 1999లో వెలువడింది. మందులు త్వరగా గుణమిచ్చినా, 16 వారాలు గడిచేసరికి వ్యాయామం చేసినవారు కూడా దాదాపు అంతే కోలుకున్నారు.

‘బాయిలో చెమటోడ్చేవాడికి మళ్లీ కసరత్తా?’ అని అడగవచ్చు. పొట్టకూటి కోసం పడే శ్రమ వేరు, తీరిక వేళ ఇష్టంగా వెలుతురులో నడవడం వేరు. మనసుకు ఊరట నిచ్చేది రెండోదే.

రంది పట్టినవారికి లేవబుద్ధి కాదు. కనుక ఇంటివారో, తోటి కార్మికుడో వెంట ఉండి, మొదట పది నిమిషాలు నడిపిస్తే చాలు. క్రమంగా రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులకు పెంచాలి. రాత్రి షిఫ్టువారు పగటి నిద్ర ముగించి సాయంత్రం నడవవచ్చు. గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని అడగాలి.

వాడుతున్న మందులను సొంతంగా మానరాదు. చావు ఆలోచనలు వస్తుంటే నడకతో సరిపెట్టక వెంటనే వైద్యుని చూడాలి. 14416కు ఫోను చేస్తే రాత్రింబవళ్లు ఉచితంగా సలహా లభిస్తుంది.