వేలు గీసింది ఒకటి, ఫోను రాసింది ఇంకొకటి

మా సైటు ఆఫీసులో హాజరు పట్టీ రాసే పని నాది. ఒకరోజు తెల్లవారుజామున క్యాంపులో ఉండే ఒక అన్న దగ్గర్నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. ‘ఐ యామ్ డక్ టుడే’ అని. డక్ అంటే బాతు. తమాషా చేస్తున్నాడనుకుని నవ్వుకుని ఊరుకున్నాను. పాపం, ఆయన రాయాలనుకున్నది ‘సిక్’. ఒళ్లు కాలిపోతోంది, డ్యూటీకి రాలేనని చెప్పాడన్నమాట. సాయంత్రానికి ఆబ్సెంట్ పడింది, ఒకరోజు జీతం పోయింది. తర్వాత నేను చెప్పి చూసినా దిద్దలేదు. చూసుకోకుండా పంపడం ఆయన తప్పయితే, ఫోను చేసి అడగకపోవడం నా తప్పు.

అసలు ఇలా ఎందుకయింది? ఆ అన్న అక్షరాలు నొక్కడు, గీస్తాడు. మనలో చాలామందికి ఇదే అలవాటు. సిమెంటు పనికి గరుకెక్కిన వేళ్లతో చిన్న చిన్న అక్షరాలు నొక్కడం కష్టం. వేలు ఎత్తకుండా ఒక అక్షరం మీది నుంచి ఇంకో అక్షరం మీదికి జరుపుకుంటూ పోతే మాట దానంతటదే వస్తుంది. వేలు ఎత్తితే మాట అయిపోయినట్టు.

ఫోను ఇక్కడ చూసేది మనం గీసిన గీత ఆకారాన్ని. తన దగ్గరున్న మాటల్లో దానికి దగ్గరగా ఉన్నది ఏదో వెతికి వేస్తుంది. ఎస్ పక్కనే డి, ఐ పక్కనే యు ఉంటాయి. వేలు కాస్త పక్కకు జరిగితే ‘సిక్’ కాస్తా ‘డక్’ అవుతుంది. ‘పిట్’, ‘పుట్’, ‘పాట్’ మూడింటికీ పై వరుసలో ఒకటే గీత. సెలవు అడిగే ‘ఆఫ్’కు రెండు ఎఫ్‌లు, ఒకే ఎఫ్ ఉన్న ‘ఆఫ్’కు కూడా గీత అదే.

పాత నోకియా ఫోన్లు వాడిన అన్నలకు ఇది కొత్త కాదు. టీ9లో 4663 నొక్కితే ‘హోమ్’, ‘గుడ్’, ‘గాన్’ మూడూ వచ్చేవి. ఆ టీ9 తయారుచేసిన వారిలో ఒకరైన క్లిఫ్ కుష్లర్, రాండీ మార్స్‌డెన్‌తో కలిసి ‘స్వైప్’ అనే గీతల కీబోర్డు తెచ్చారు. 2009లో శాంసంగ్ ఆమ్నియా 2 ఫోనులో అది వచ్చింది. 2018లో స్వైప్ ఆగిపోయింది గానీ పద్ధతి నిలిచింది. ఆండ్రాయిడ్‌లో జీబోర్డు, స్విఫ్ట్‌కీ ఉన్నాయి. ఐఫోనుకు 2019లో కంపెనీయే ఇచ్చింది.

మరి మనం ఏం చేయాలి?

గీయడం మానక్కర్లేదు. మాట పడగానే కీబోర్డు పైన రెండు మూడు మాటలు కనిపిస్తాయి. మనకు కావలసింది అక్కడ ఉంటే దాన్ని నొక్కండి. పేర్లు, రూము నంబరు, పాస్‌పోర్టు నంబరు, డబ్బు లెక్క మాత్రం గీయొద్దు, ఒక్కొక్కటిగా నొక్కండి. ఇంటికి రాసేటప్పుడు జీబోర్డులో తెలుగు చేతిరాత పెట్టుకుంటే పలక మీద దిద్దినట్టే వేలితో తెలుగులో రాసుకోవచ్చు.

సెలవు, జీతం, ఆస్పత్రి సంగతి అయితే పంపే ముందు ఒక్కసారి చదవండి. ఇంగ్లీషు సరిగా రాకపోతే రూములో చదువుకున్న తమ్ముడికి చూపించండి. లేదా గొంతుతో మెసేజ్ పెట్టండి. నా మటుకు నేను, ఇప్పుడు అర్థంకాని మెసేజ్ వస్తే నవ్వుకోవడం మానేశాను. వెంటనే ఫోను చేసి అడుగుతున్నాను.