నిషిద్ధ ప్రదేశములు

సైనిక స్థావరముల ప్రహరీగోడల ప్రక్కగా పోవు బాటసారికి “ప్రవేశము లేదు, ఛాయాచిత్రములు తీయరాదు” అను పలకలు కనబడుట క్రొత్త కాదు. సికిందరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో నివసించువారికి ఇవి పరిచితములే. కాని ఆ పలక వెనుకనున్న శాసనమేది, అది ఎవరి భయమునుండి పుట్టినది అను ప్రశ్నలు పలువురకు తోచవు. ప్రతివాని చేతిలోను ఛాయాచిత్రములు తీయు సాధనమున్న ఈ కాలమున ఈ విషయమును తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

ఆంగ్లేయ ప్రభుత్వము ఈ దేశమున సైనిక నిర్మాణముల రక్షణకై రెండు విధములైన శాసనములను చేసెను. ఒకటి చుట్టుప్రక్కల భూమిని కట్టడి చేయునది. రెండవది చూపును కట్టడి చేయునది.

మొదటిది 1903వ సంవత్సరపు రక్షణ నిర్మాణముల చట్టము. కోటనుండి ఫిరంగి ప్రేల్చువానికి ఎదుట అడ్డు లేకుండవలెను. శత్రువునకు చాటు దొరకరాదు. ఇదియే దాని మూలసూత్రము. అందుకై కోట వెలుపలి గోడనుండి 2000 గజములు, 1000 గజములు, 500 గజములు అని మూడు హద్దులను నిర్ణయించిరి. మొదటి హద్దులోపల సైన్యాధికారి వ్రాతపూర్వకమైన అనుమతి లేక నేల మట్టమును మార్చరాదు, గోడ కట్టరాదు. అధికారము పొందిన ప్రభుత్వోద్యోగి పర్యవేక్షణ లేక భూమిని కొలువరాదు. రెండవ హద్దులో తోటలకును, చెట్ల గుంపులకును సయితము అనుమతి కావలెను. మూడవ హద్దులో కట్టడములకు దాదాపు తావే లేదు. ఎండుకంపల కంచెవంటి వానికి మాత్రము మినహాయింపు ఈయవచ్చును. ఇది రైతునకు కష్టమే. అయినను హద్దు ఎచ్చటనున్నదో వానికి తెలియును. జరిగిన నష్టమునకు పరిహారము కోరు హక్కును ఆ చట్టమే ఇచ్చినది.

రెండవ విధమైన శాసనమునకు చరిత్ర కొంత దీర్ఘమైనది. ప్రభుత్వ రహస్యముల చట్టము బ్రిటనులోను, భారతదేశములోను 1889లోనే వెలసినది. కర్జను ప్రభువు కాలమున, 1904లో, దానిని మరింత కఠినము చేసిరి. సైనిక రహస్యములతోపాటు పౌరపాలన విషయములను గూడ అందు చేర్చుటను గోపాలకృష్ణ గోఖలే శాసనసభలో తీవ్రముగా ప్రతిఘటించెను. అయినను బిల్లు ఆగలేదు. 1911లో జర్మనీవలన భయము ప్రబలియున్న దినములలో బ్రిటిషు పార్లమెంటు క్రొత్త చట్టమును అతిత్వరితముగా ఆమోదించెను. ఆ మార్గముననే 1923లో భారత ప్రభుత్వ రహస్యముల చట్టము వచ్చినది.

ఈ చట్టములో “నిషిద్ధ ప్రదేశము” అను మాట కీలకమైనది. కోటలు, ఆయుధాగారములు, సైనిక శిబిరములు, నౌకాస్థావరములు, విమానస్థావరములు, ప్రభుత్వమువారి ఓడలు, విమానములు మున్నగునవి ఇందు చేరును. రాజ్యక్షేమమునకు భంగకరమైన ఉద్దేశముతో అట్టి చోటును సమీపించుట, పరిశీలించుట, ప్రవేశించుట నేరము. శత్రువునకు ఉపయోగపడగల చిత్తరువు గీయుటయు నేరమే. చిత్తరువనగా ఛాయాచిత్రము గూడనని చట్టమే నిర్వచించినది. సైనిక స్థావరముల విషయమున శిక్ష పదునాలుగేండ్ల కారాగారమువరకు ఉండవచ్చును.

ఇందు పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. సాధారణముగా నేరమును రుజువు చేయు భారము ప్రభుత్వముపై నుండును. ఇక్కడనో, ముద్దాయి దురుద్దేశమును చూపు నిర్దిష్టమైన కార్యము రుజువు కాకపోయినను, సందర్భమునుబట్టి, నడవడినిబట్టి, వాని స్వభావమును గూర్చి తెలిసినదానినిబట్టి ఉద్దేశమును ఊహించి శిక్షింపవచ్చును. కోటను చూచి ముచ్చటపడి బొమ్మ గీసినవానికిని, గూఢచారికిని నడుమ మిగులునది ఉద్దేశ మొక్కటే. ఆ ఉద్దేశమును అనుమానముతో కొలుచుటకు చట్టము తావిచ్చినది. పాలితులను పరాయివారిగా చూచిన ప్రభుత్వమునకు ఇది సహజముగానే తోచియుండును.

హద్దు తెలుపు విషయమున గూడ భేదమున్నది. ఇతర ప్రభుత్వ స్థలములను నిషిద్ధములుగా ప్రకటించినప్పుడు ఆ ప్రకటనను ఆంగ్లములోను, ఆ ప్రాంతపు భాషలోను అచ్చట అంటింపవలెను. సైనిక స్థావరములకు ఆ నియమము లేదు. అవి స్వభావముచేతనే నిషిద్ధములు. పొలమునకు గజములలో హద్దు గీచి పరిహారము చూపిన ప్రభుత్వము, చూపునకు మాత్రము అట్టి హద్దు గీయలేదు.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము పాత చట్టములను కొనసాగనిచ్చినది. 1923 నాటి చట్టము నేటికిని అమలులో నున్నది. 1967లో అందలి కొన్ని శిక్షలను పెంచిరి. మరియొక వైపు గాలి కొంత మారినది. 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టము, ప్రజాప్రయోజనము హెచ్చుగానున్నచో రహస్య చట్టము అడ్డురాదని పలికినది. పటముల విషయమున 2005లో ఒక జాతీయ విధానము, 2021లో మరింత ఉదారమైన నియమములు వెలువడినవి. మన చట్టమునకు మాతృకయైన 1911 నాటి శాసనమును బ్రిటను తానే 2023లో తొలగించి, దాని స్థానమున క్రొత్తదానిని నిలిపినది.

దేశరక్షణకు రహస్యములు కావలసినమాట నిజము. సరిహద్దున నిలిచిన సైనికుని ప్రాణము వానిపై ఆధారపడియుండును. కావున పలక కనబడినచోట ఛాయాచిత్రము తీయకుండుటయు, కాపలావాడు వారించినప్పుడు వాదమునకు దిగకుండుటయు పౌరధర్మములని మేము చెప్పుదుము. అయితే ధర్మము రెండు వైపుల నుండవలెను. ఎచ్చట ఆగవలెనో పౌరునకు స్పష్టముగా, వాని భాషలో, ముందుగా తెలియజెప్పుట ప్రభుత్వధర్మము. పరాయి పాలకుల అనుమానముతో వ్రాసిన చట్టమును స్వతంత్రదేశ పౌరులపై విశ్వాసముతో తిరిగి వ్రాసికొనుట మన శాసనసభల ముందున్న పని.