మీకు తెలుసా? కోళ్ల జాలీలోంచి దిగిన పాఠం

రామాయంపేటలో బడికెళ్లే పిల్లల పుస్తకం ఒకటి తీసి చూడండి. పాఠం దగ్గర నల్లటి గళ్లతో చిన్న చదరం ఉంటుంది. అదే క్యూఆర్ కోడ్. దానికి ఫోన్ చూపిస్తే దీక్ష పోర్టల్లో ఆ పాఠానికి సంబంధించిన వీడియో వస్తుంది. ఇదంతా నిన్న మొన్నటి ముచ్చట అనుకుంటాం. కానీ తెలుగు పిల్లలకు ఆకాశం నుంచి పాఠం దిగింది 1975లోనే!

ఆ ఏడాది ఆగస్టు 1న 'సైట్' ప్రయోగం మొదలైంది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశానికి ఏడాదిపాటు వాడుకోనిచ్చింది. ఇస్రో దాని సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించింది. ఆ ఆరింట్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. యాంటెన్నా దేనితో చేశారో తెలుసా? కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీతో! మూడు మీటర్ల వెడల్పున గొడుగు తిరగేసినట్టు బిగించారు. అంతరిక్షం నుంచి వచ్చే బొమ్మను పట్టడానికి ఆ జాలీయే చాలింది. సాయంత్రం కార్యక్రమాలు పెద్దలకు, పొద్దున గంటన్నర బడి పిల్లలకు. ఆ గంటన్నరను హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ పంచుకోవాలి. తెలుగు వంతుకు వచ్చింది 22 నిమిషాల పైచిలుకు.

ఆ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. పిల్లలకు టీవీ పెట్టి ఊరుకోలేదు. వేలమంది ప్రాథమిక పాఠశాలల టీచర్లకు సైన్సు ఎలా చెప్పాలో అదే టీవీలో నేర్పించారు. 1976 జులై 31తో గడువు తీరింది, ఉపగ్రహం వెళ్లిపోయింది.

చదువు కోసమే తయారైన మన సొంత ఉపగ్రహం ఎడ్యుశాట్ 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఇక పాఠాలు చెప్పే సర్కారు ఛానల్ ఒకటుంది: ఒకనాటి 'మన టీవీ'యే ఇప్పటి తెలంగాణ టీ-శాట్. కరోనా వేళ, 2020 సెప్టెంబర్ 1 నుంచి, దూరదర్శన్ యాదగిరితో పాటు టీ-శాట్ కూడా మన పిల్లలకు తరగతి గది అయింది. ఇంట్లో టీవీ ఉంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. కానీ అర్థం కానిచోట చెయ్యెత్తితే చూసేవాళ్లు తెరలో ఉండరు కదా! అందుకే టీచర్లు ఫోన్లు చేశారు, ఇళ్లకూ వెళ్లారు.

మొన్న ఓ సర్కారు బడిలో గుండె పాఠం చూశాను. తెర మీద గుండె కొట్టుకుంటోంది, ఎర్రటి రక్తం గదుల్లోంచి పారుతోంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. టీచరమ్మ వీడియో ఆపేసి, "ఇప్పుడు మీ మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుండ్రి" అంది. గది సద్దుమణిగింది. పెదాలు కదుపుతూ ఎవరి నాడి వాళ్లు లెక్కపెట్టుకున్నారు. నిమిషం కాగానే వెనక బెంచీ పిల్ల "టీచర్, నాది ఎనభై ఎనిమిది!" అని లేచింది. ఆమె చాక్‌పీసు తీసి ఆ అంకె బోర్డు మీద వేసి, "ఇప్పుడు గ్రౌండు చుట్టూ ఒక్కసారి ఉరికి రా, మళ్ల చూద్దాం" అంది.